గది దాటని కెమెరా

ఆ వేసవిలో అన్నయ్య, నాన్న చనిపోయిన గదిలోనే సినిమా తీశాడు. పద్దెనిమిది రోజులు. కెమెరా ఒక్కసారి కూడా ఆ గది గడప దాటలేదు.

కంటిన్యూటీ నేనే చూశాను. అది నా వృత్తి. ఒక షాట్‌లో గ్లాసులో సగం దాకా నీళ్లుంటే తర్వాతి షాట్‌లోనూ సగమే ఉండాలి. దుప్పటి ఎడమవైపు జారి ఉంటే ఎడమవైపే జారి ఉండాలి. అన్నీ రాసుకుని, ఫొటోలు తీసుకుని, మళ్లీ ఉన్నవి ఉన్నట్టు పెట్టించాలి. టీవీ సీరియళ్లలో తొమ్మిదేళ్లు అదే పని చేశాను. నటులు చేత్తో పట్టుకున్న వస్తువుల్ని, కళ్లజోడో, పెన్నో, తాళంచెవో, షాట్ అవగానే ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తారు. అందుకని వాటిని అందుకుని వెంటనే నా సంచిలో వేసుకోవడం అలవాటు. నేను ఆలోచించక్కర్లేదు, చెయ్యి తనంతట తనే చేసేస్తుంది.

అంతకు ముందు ఏడాది, నాన్న చనిపోయిన రోజు పొద్దున కూడా నా చెయ్యి అదే పని చేసింది.

నాన్న ఊపిరితిత్తులు చెడి రెండేళ్లు మంచం మీద ఉన్నాడు. మంచం పక్కన రెండు ఆక్సిజన్ సిలిండర్లు. ఒకటి అయిపోతే రెగ్యులేటర్ ఊడదీసి రెండోదానికి బిగించాలి. అందుకో పానా. అది తలుపు పక్కన మేకుకి వేలాడుతూ ఉండేది. ఆ రోజు ఆరింటికి బిగింపు దగ్గర సన్నగా గాలి పోతున్న చప్పుడైతే పానాతో బిగించాను. కింద షూటింగ్ వ్యాను హారన్ కొడుతోంది. పానా సంచిలో వేసుకుని వెళ్లిపోయాను.

పన్నెండింటికి పెన్సిల్ కోసం సంచిలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. పొద్దున సిలిండర్ మీటరులో ముల్లు ఎక్కడుందో గుర్తు తెచ్చుకున్నాను. గాలి సాయంత్రం దాకా వస్తుంది, అప్పటికి ఇంట్లో ఉంటాను. ఫోన్ చేస్తే పని మధ్యలో వదిలేసి రమ్మంటారు. చేయలేదు.

ముల్లు మూడింటికే సున్నాకి వచ్చింది. ఇంట్లో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. అమ్మ పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. అన్నయ్య పానా కోసం గదంతా వెతికాడు. చేత్తో తిప్పి చూశాడు, కటింగ్ ప్లేయర్‌తో తిప్పి చూశాడు, చివరికి వీధి చివర మెకానిక్ షెడ్డుకి పరిగెత్తాడు. మెకానిక్ కారు కింద పడుకుని ఉన్నాడు. అతన్ని లేపి, పానా పట్టుకుని ఇద్దరూ పరిగెత్తుకొచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది.

నేను ఐదున్నరకి వచ్చాను. గదిలో పదిమంది ఉన్నారు, అందరూ మంచం వైపు చూస్తున్నారు. తలుపు పక్కన నిలబడి, సంచిలోంచి పానా తీసి, వెనక్కి తిరగకుండానే మేకుకి తగిలించాను.

మర్నాడు పొద్దున అమ్మ దాన్ని చూసింది. చెంప ఇంకా వాచి ఉంది, మాట సరిగా రావడం లేదు.

"ఇదేమిట్రా? ఇక్కడే ఉందిగా."

"ముందు అక్కడే చూశానమ్మా," అన్నాడు అన్నయ్య. "అక్కడ లేదు."

"లేకపోతే దానికి కాళ్లొచ్చాయా?"

అక్కడే చూశాను అన్న మాట రెండు రోజులు అన్నాడు. మూడో రోజు నుంచి అనడం మానేశాడు. మనిషి తన కళ్లని తాను నమ్మడం మానేసే క్షణం ఒకటుంటుంది. చూస్తే ఏమీ తెలియదు. అన్నం కలుపుతూ చెయ్యి కాసేపు ఆగుతుంది, అంతే. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. చూశాను.

ఆ తర్వాత అమ్మ అన్నయ్యతో నేరుగా మాట్లాడలేదు. తను ఎదురుగా ఉండగానే నాతో అనేది, "వాణ్ని తినమను." అన్నయ్య కూడా నాతోనే అనేవాడు, "తింటానని చెప్పు." ఇద్దరి మధ్య గుమాస్తా ఉద్యోగం నాకు దొరికింది.

*

అన్నయ్య పన్నెండేళ్లు ఎవరెవరి దగ్గరో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాడు. సొంతంగా ఒక్క సినిమా తీయలేదు. ఎండలు మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం అరవై పేజీల స్క్రిప్టు నా ఒళ్లో పెట్టాడు.

"ఒక్క గదేనా?" అన్నాను పేజీలు తిప్పుతూ.

"ఒక్క గదే. ఒక్క మధ్యాహ్నం."

"జనానికి విసుగొస్తుంది అన్నయ్యా."

"మీ సీరియల్లో ఎవరికైనా ఏడుపు ముంచుకొస్తే ఏం చేస్తారు?"

"ఇంకో సీన్‌కి వెళ్లిపోతాం. అక్కడ అత్త ఎవరినో తిడుతూ ఉంటుంది."

"అదే నేను చెప్పేది. చోటు మారిస్తే చూసేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. నేను పీల్చుకోనివ్వను. మొదటి పది నిమిషాలు మనుషుల్ని చూస్తాడు. అరగంటకి గదిలో ఏది ఎక్కడుందో కంఠతా వచ్చేస్తుంది. ఇక ఆ గది వాడిది. వాడి గదిలో ఏదో జరుగుతోంది, లేచి వెళ్లలేడు. ఆ తర్వాత నేను కథ చెప్పక్కర్లేదు, గోడలే చెబుతాయి."

ఏడాదిలో అంత పొడుగ్గా మాట్లాడటం అదే. నేను చదువుతూ వెళ్లాను. జబ్బు తండ్రి, కొడుకు, కూతురు. కూతురు మూడో పేజీలో పనికి వెళ్లిపోతుంది. ఐదో పేజీలో ఒక వాక్యం కింద ఎర్ర గీత ఉంది: తలుపు పక్కన మేకు, మేకుకి పానా, ప్రతి షాట్‌లోనూ కనిపించాలి.

"వాడు వెతుకుతున్నప్పుడు కూడా అక్కడే ఉంటుందా?"

"అక్కడే ఉంటుంది. చూసేవాళ్లందరికీ కనిపిస్తుంది. వాడికి కనిపించదు."

"ఎందుకు కనిపించదు?"

అన్నయ్య కిటికీ వైపు చూశాడు. "అది తెలుసుకుందామనే తీస్తున్నాను. రెండేళ్లు ఎత్తి, కడిగి, పక్కలు మార్చి... లోపల ఎక్కడో ఇక చాలనిపించిందేమో. నాకు తెలీకుండానే. నా కళ్లకి తెలిసిపోయిందేమో."

అప్పటిదాకా కొడుకుని వాడు అంటున్నవాడు, ఇప్పుడు నా కళ్లు అన్నాడు. తను గమనించలేదు. నాకు చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకోటి ఉండదు. నోరు తెరిచాను కూడా.

"టీ పెట్టనా?" అన్నాను.

"పెట్టు. ఇంకోటి. వాడు మెకానిక్ కోసం పరిగెత్తినప్పుడు కెమెరా వాడి వెంట వెళ్లదు. తండ్రి దగ్గరే ఉండిపోతుంది. పదకొండు నిమిషాలు, ఒకటే షాట్. ఆ రోజు నేను చూడనిది అదొక్కటే."

అమ్మని అడిగే పని నాకే అప్పగించాడు. అమ్మ బట్టలు మడతపెడుతోంది.

"చచ్చిపోయినాయన్ని మళ్లీ చంపడానికి అంతమంది కావాలా?" అంది. ఇంకో చీర మడిచి, "తీసుకోమను. ఆ గదిలో నాకేం పని," అంది.

*

తండ్రి వేషానికి ఒక పాత నాటకాల నటుణ్ని తీసుకొచ్చారు. అందరూ పెద్దాయన అనేవారు. మొదటి రోజు వచ్చి నాన్న మంచం మీద పడుకుని, తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నలభై ఏళ్లుగా నిలబడే వేశాను అన్ని వేషాలూ. పడుకుని వేసేది ఇదే. మా ఆవిడ ఏమందో తెలుసా? ఇంట్లో చేసేదేగా, దానికి రిహార్సల్ ఎందుకండీ అంది."

అందరూ నవ్వారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ వింటోందని తెలిసి పెద్దాయన గొంతు తగ్గించాడు. ఆ తర్వాత మళ్లీ ఆ గదిలో హాస్యమాడలేదు.

శబ్దం రికార్డు చేయాలి కనుక ఫ్యాన్ ఆపేవాళ్లం, కిటికీలు మూసేవాళ్లం. పన్నెండడుగుల గదిలో ఎనిమిదిమందిమి. గోడలకి చెమట పట్టినట్టుండేది. నాలుగో రోజుకి ఎవరూ పెద్దగా మాట్లాడటం మానేశారు. ఏ పని మీదో బయటికి వెళ్లినవాళ్లు వెంటనే తిరిగి వచ్చేవారు. బయట ఎండ కళ్లల్లో పొడిచేదో, లోపల ఏదో జరిగిపోతుందని భయమో.

పొద్దున్నే అందరికంటే ముందు నేను గదిలోకి వెళ్లేదాన్ని. నిన్నటి ఫొటోలు చూసుకుంటూ గ్లాసు, మందు సీసాలు, దుప్పటి, చెప్పులు సర్దేదాన్ని. చివర పానా. అది అసలు పానానే, అన్నయ్య వేరేది ఒప్పుకోలేదు. పద్దెనిమిది రోజులు, ప్రతి పొద్దునా నా చేత్తోనే దాన్ని మేకుకి తగిలించాను. మొదటి రెండు రోజులు మేకు వైపు చూడకుండా తగిలించాను. మూడో రోజు చూస్తూనే తగిలించాను. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

పదో రోజు అన్నయ్య అప్పటిదాకా తీసింది వరసగా కూర్చి, ముందు గదిలో లాప్‌టాప్ మీద చూపించాడు. సౌండ్ చూసే అతను స్క్రిప్టు చదవలేదు. కథ ముందే తెలిస్తే చెవి మొద్దుబారుతుందనేవాడు. తీస్తున్నంతసేపూ అతను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మంచానికి అవతల నేల మీద కూర్చుంటాడు, గదిని ఎప్పుడూ మొత్తంగా చూడలేదు.

తెర మీద ముల్లు సున్నా మీదికి వచ్చింది. కొడుకు వేషం వేసినతను సొరుగులు లాగుతున్నాడు, మంచం కిందికి దూరుతున్నాడు, పరుపు ఎత్తుతున్నాడు. అతని వెనక తలుపు పక్కన పానా, కదలకుండా.

"అదిగో," అన్నాడు సౌండతను మెల్లగా. తర్వాత కుర్చీ అంచుకి జరిగి, "అదిగో నాయనా, నీ వెనకే, నీ వెనకే," అన్నాడు. కొడుకు మూడోసారి సొరుగు లాగాడు. "గుడ్డివాడా ఏంటి వీడు? లేకపోతే కావాలనే చేస్తున్నాడా?"

అన్నయ్య తెర వైపు చూడటం లేదు, సౌండతని ముఖంలోకి చూస్తున్నాడు. ఏదో పరీక్ష రాసి మార్కులు తెలుసుకున్నవాడిలా తలూపాడు.

ఆ గది గురించి తను చెప్పిందంతా నిజమే. గది మారకపోతే చూసేవాడి కోపానికి పోవడానికి చోటుండదు. ఎదురుగా ఉన్న మనిషి మీదే పడుతుంది. అది చూడబోయే ప్రతివాడూ మా అన్నయ్యని ఆ మాటే అడుగుతాడు. ఈలోగా ఆ కొడుకు తప్పుకి సాక్ష్యంగా మేకు మీద పానా పెడుతున్నది నేను.

*

పదకొండు నిమిషాల షాట్ చివరి రోజుకి అట్టేపెట్టాడు. పొద్దున రెండుసార్లు మొదలుపెట్టి ఆపాల్సి వచ్చింది. ఒకసారి వీధిలో ఎవరో ఇనుప రేకులు దించారు, ఇంకోసారి పెద్దాయనకి నిజంగానే దగ్గొచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకి కాసేపు ఆగమన్నారు. అమ్మ తన చెల్లెలి ఇంటికి వెళ్లింది, ఆ రోజు ఏం తీస్తారో తెలిసి. అన్నయ్య వంటింట్లో గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. వారం రోజులుగా తను గదిలోనే పడుకుంటున్నాడు, మంచం పక్కన నేల మీద. చిక్కిపోయాడు. మొహం నాన్న మొహంలా తయారవుతోంది.

నీళ్లిచ్చాను. తాగాడు.

"అన్నయ్యా. ఆ రోజు పానా అక్కడ లేదు."

"ఎక్కడ?"

"మేకు మీద. అది నా సంచిలో ఉండిపోయింది. సాయంత్రం వచ్చాక నేనే తగిలించాను."

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. చోటు సరిగ్గా చూసి మరీ పెట్టాడు.

"ఎన్నింటికి?"

"ఐదున్నరకి. అందరూ నాన్న వైపు చూస్తున్నప్పుడు."

"నేనెక్కడున్నాను?"

"మంచం కాళ్ల దగ్గర. గోడవైపు తిరిగి ఉన్నావు. నీలం చొక్కా. ఒక చేతి మడత ఊడిపోయి ఉంది."

"అవును," అన్నాడు. గదిలో కెమెరామన్ ఎవరితోనో వెలుతురు మారుతోందని అంటున్నాడు. "అంటే నేను సరిగ్గానే చూశాను. ముందు అక్కడే చూశాను. మేకు ఒక్కటే ఉంది."

"అవునన్నయ్యా."

"మేకు కింద సున్నం కొంచెం రాలి ఉంది. అది కూడా చూశాను. తర్వాత అదీ కల్పించుకున్నానేమో అనుకున్నాను."

నేను ఏడవలేదు. ఏడిస్తే తను నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఓదార్చే మనిషే, అందుకే ఏడవలేదు.

"సంచిలో ఉందని ఎప్పుడు చూసుకున్నావు?" అన్నాడు.

"నీ ఫోన్ వచ్చాక."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అబద్ధం చెప్పే మనిషి కళ్లు తిప్పుకుంటాడనేది సీరియళ్లలో మాట. నాకు తెలిసినంతవరకు, అబద్ధం చెప్పేటప్పుడు మనిషి మామూలు కంటే నిదానంగా చూస్తాడు. సగం చెప్పి ఒడ్డెక్కాలనుకున్నాను. ఆ సగంతోనే తను బతికి బయటపడతాడనీ, మిగతా సగం తనకి అనవసరమనీ నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

"రెడీ," అని గదిలోంచి కేక.

అన్నయ్య లేచాడు. గుమ్మం దగ్గర నేనడిగాను, "మేకు మీంచి తీసేయనా?"

ఆగాడు. నిజంగానే ఆలోచించాడు.

"వద్దు. పదిహేడు రోజుల నుంచీ ఉన్నది ఇప్పుడు లేకపోతే కంటిన్యూటీ పోతుంది."

తను నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.

ఈసారి ఆ షాట్ ఆగకుండా వచ్చింది. కొడుకు బయటికి పరిగెత్తాడు. మెట్ల మీద అతని అడుగులు, తర్వాత అవి కూడా లేవు. తలుపు తెరిచే ఉంది. పెద్దాయన తలుపు వైపు చూస్తాడని అందరం అనుకున్నాం, స్క్రిప్టులో అలాగే ఉంది. చూడలేదు. మూడో నిమిషంలో చెయ్యి చాచి మంచం అంచు పట్టుకున్నాడు. ఐదో నిమిషంలో దుప్పటిని ఛాతీ మీదికి లాక్కుని సరిచేసుకున్నాడు, ఎవరో వస్తారని చెప్పి వెళ్తే ఒళ్లు సర్దుకుంటామే, అలా. ఏడో నిమిషం తర్వాత అతని నోరు మాత్రమే పనిచేస్తోంది. మేమందరం గదిలోనే ఉన్నాం. ఎవరైనా రెండడుగులు వేసి అతని చెయ్యి పట్టుకోవచ్చు. ఎవరూ కదలలేదు. నా చేతిలో కాగితం ఉంది, అందులో రాయాల్సినవి రాశాను. గ్లాసు, సగం. దుప్పటి, ఛాతీ దాకా. పానా, మేకు మీద.

పదకొండు నిమిషాలు దాటాయి. అన్నయ్య కట్ చెప్పలేదు. కెమెరామన్ తలెత్తి చూశాడు. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం. చివరికి మంచం మీంచి పెద్దాయనే కళ్లు మూసుకుని అడిగాడు.

"అయిందా బాబూ? లేవచ్చా?"

*

వేసవి చివర్లో, ఇంకా వానలు పడకముందు, ఎడిటింగ్ గదికి అమ్మని తీసుకెళ్లాను. వస్తానని తనే అంది. ఆ నెల రోజుల్లో అన్నయ్య నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. అమ్మతో ఏం చెప్పాడో, చెప్పలేదో నాకు తెలియదు. ప్రతి సాయంత్రం ఇంటికి వస్తూ, ఇవాళ చెప్పేసి ఉంటాడు అనుకునేదాన్ని. తలుపు తీసిన అమ్మ ముఖం చూసి, చెప్పలేదని తెలుసుకునేదాన్ని. కొన్నిసార్లు చెప్పేస్తే బాగుండుననిపించేది. నేనే చెప్పొచ్చుగా అనేది మాత్రం ఎందుకో చివర్న, కాళ్లు కడుక్కునేటప్పుడు తోచేది.

అన్నయ్య లైటు తీసేసి మెషిన్ దగ్గర కూర్చున్నాడు. ఏడాదిగా అడుగుపెట్టని గదిని అమ్మ తెర మీద చూసింది. మొదట్లో మాట్లాడుతూనే ఉంది.

"ఆ దుప్పటి నాది. ఉతికే ఇచ్చావా వాళ్లకి?"

"ఉతికే ఇచ్చానమ్మా."

"ఈయనెవరో గానీ, మీ నాన్నకి ఇంత పెద్ద ముక్కు లేదు."

కూతురు సంచి తగిలించుకుని పనికి వెళ్లిపోయింది. కొడుకు మిగిలాడు. ముల్లు తగ్గుతూ వచ్చింది. కొడుకు వెతకడం మొదలుపెట్టాక అమ్మ మాట్లాడటం ఆపింది. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని ముందుకి వంగింది. "అదిగోరా," అంది, గొంతు బయటికి రాకుండా. "తలుపు పక్కన." తెర మీద అతను వినలేదు. మళ్లీ సొరుగు లాగాడు. అమ్మ చెయ్యి లేచి తెర వైపు చూపించింది. లేచిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయి, మెల్లగా దిగింది.

పెద్దాయన ఒంటరిగా ఉన్న పదకొండు నిమిషాలూ, ఆ పైన అన్నయ్య ఆపకుండా ఉంచేసిన రెండు నిమిషాలూ ఆమె కదలలేదు.

అన్నయ్య లైటు వేశాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు కాకుండా తన వైపు తిరిగింది.

"కంగార్లో కనబడదురా," అంది. "ఎంత ఎదురుగా ఉన్నా కనబడదు. ఆ సమయానికి నేనున్నా అంతే. కావాలని ఎవరు చేస్తారు."

అన్నయ్య తల దించుకుని ఉన్నాడు. "అవునమ్మా," అన్నాడు.

"ఏడాది పాటు మాట్లాడకుండా కూర్చున్నాను నీతో. రాయిలా."

"పర్లేదమ్మా."

అమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయకుండానే అడిగింది, "మరి ఆ కూతురు? పొద్దున వెళ్లిన పిల్ల మళ్లీ కనబడనేలేదు."

"కెమెరా గదిలోనే ఉంటుంది కదమ్మా. బయటికి వెళ్లినవాళ్లు ఏం చేశారో మనకి కనబడదు."

"పనికెళ్లిందిగా. అక్కడ ఉన్నదానికి ఇక్కడి సంగతి ఏం తెలుస్తుంది, పాపం." అప్పుడు నా వైపు చూసింది. "అంతేగా?"

అన్నయ్య కూడా నా వైపు చూశాడు. వంటింట్లో ఆ మధ్యాహ్నం తర్వాత నా ముఖంలోకి చూడటం అదే మొదటిసారి. ఆ చూపులో కోపం లేదు, అడగడమూ లేదు. షాట్ అయిపోయినా కట్ చెప్పకుండా ఊరుకున్నాడే, అలా ఊరుకున్నాడు.

"అంతేనమ్మా," అన్నాను.

అన్నయ్య మెషిన్ వైపు తిరిగి ఆపేశాడు.